ఇంటర్ తర్వాత ఈఈఈ: ప్రిపరేషన్, కాలేజీ, వెబ్ ఆప్షన్లు - సలహా కావాలి

మంజీర_తీరం · మార్చి 27

అందరికీ నమస్తే. మాది మెదక్ జిల్లా. ఇంటర్ ఎంపీసీ సెకండియర్ పరీక్షలు మొన్ననే అయిపోయాయి. నాన్న డిస్కంలో (కరెంటు పంపిణీ సంస్థలో) లైన్‌మన్. నాకు బీటెక్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చదవాలని ఉంది. ఇంట్లో ఎల్‌సీ (పని కోసం లైను ఆపించే అనుమతి), ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను), డీటీఆర్ (ఊళ్లో ఉండే ట్రాన్స్‌ఫార్మర్) అనే మాటలు వింటూనే పెరిగాను. గాలివాన రాత్రి ఫోన్ మోగితే నాన్న టార్చిలైటు, ప్లయర్ పట్టుకుని బయల్దేరడం ఎన్నోసార్లు చూశాను. ఆ పని వెనకున్న లెక్క ఏంటో తెలుసుకోవాలని గట్టిగా ఉంది.

అమ్మానాన్న కాదనలేదు. బాబాయి వాళ్లు మాత్రం "ఈఈఈకి ఉద్యోగాలెక్కడివి, ఏ కాలేజీ అయినా సరే సీఎస్ఈలోనే చేరు" అంటున్నారు. జేఈఈ మెయిన్ జనవరి సెషన్‌లో 86 పర్సంటైల్ వచ్చింది. ఏప్రిల్ సెషన్‌కి కూడా ఫీజు కట్టాను. ఇప్పుడు దాని మీద కూర్చోవాలా, ఈఏపీసెట్ మీదే ఉండాలా? ఈ కొద్ది వారాల్లో ఏం చదివితే ర్యాంకుకీ, రేపు ఈఈఈకీ పనికొస్తుంది? కాలేజీలో ఈఈఈ డిపార్ట్‌మెంట్ బాగుందో లేదో బయటి నుంచి ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

సబ్‌స్టేషన్_ఏఈ · మార్చి 27

చెల్లీ, ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. మా సెక్షన్ నడిచేది ఆయనలాంటి వాళ్ల చేతుల మీదే.

నువ్వు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఉద్యోగం మనసులో పెట్టుకుని అడుగుతున్నావేమో అనిపించింది, అందుకే ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. ఆపరేషన్‌లో ఉండే ఏఈకి కొన్ని 33/11 కేవీ సబ్‌స్టేషన్లు, వాటి ఫీడర్లు, ఊళ్లలో ఉండే ట్రాన్స్‌ఫార్మర్లు అప్పజెప్తారు. పొద్దున బ్రేక్‌డౌన్, మధ్యాహ్నం కొత్త సర్వీసులకి ఎస్టిమేట్లు, సాయంత్రం బకాయిల లెక్క. వేసవిలో లోడ్ పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ పోతే రాత్రి కూడా పనే. ఇందులో ఇంజినీరింగ్ ఎంత ఉందో జనంతో మాట్లాడే పని కూడా అంత ఉంది. నాకు ఇష్టం, నీకు నచ్చుతుందో లేదో నువ్వే చూసుకోవాలి. మీ నాన్నగారి సెక్షన్ ఆఫీసుకి ఒక పూట వెళ్లి కూర్చో, సగం సంగతి అక్కడే అర్థమవుతుంది.

ట్రాన్స్‌కో (హై వోల్టేజ్ లైన్ల సంస్థ), డిస్కంలలో ఏఈ ఎలక్ట్రికల్ పోస్టుకి ఎలక్ట్రికల్ డిగ్రీయే కావాలి. సీఎస్ఈ చదివినవాళ్లు అప్లై చేయలేరు. కానీ నోటిఫికేషన్లు ఏటా రావు. నాలుగేళ్లు ఆ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. గేట్ (ఇంజినీరింగ్ చదివినవాళ్లు రాసే జాతీయ పరీక్ష) రాస్తే ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి సంస్థల దారి ఉంటుంది, రైల్వే ఉంది, ప్రైవేటులో సోలార్, స్విచ్‌గేర్, ఈవీ కంపెనీలు ఉన్నాయి.

కోకాపేట_కోడ్ · మార్చి 27

నేను సీఎస్ఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, కాబట్టి మీ బాబాయి వైపు నుంచి ఒక మాట. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో ఎక్కువ సాఫ్ట్‌వేర్‌వే, పెద్ద ప్యాకేజీలు ఇచ్చేవి చాలాసార్లు సీఎస్ఈ వాళ్లనే పిలుస్తాయి. కోర్ (సొంత బ్రాంచ్ పని చేసే) కంపెనీలు తక్కువమందిని తీసుకుంటాయి, మొదటి జీతం కూడా చాలాచోట్ల తక్కువే. ఇంటికి డబ్బు అవసరం వెంటనే ఉంటే ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు.

అదే సమయంలో, పేరు కూడా వినని కాలేజీలో సీఎస్ఈ సీటు చూసుకుని మురిసిపోవద్దు. ఇప్పుడు ప్రతి కాలేజీలో సీఎస్ఈ, దాని పక్కన ఏఐ, డేటా సైన్స్ అంటూ సెక్షన్ల మీద సెక్షన్లు పెట్టారు. అంతమందికీ పాఠం చెప్పేవాళ్లు ఎక్కడున్నారు? సర్వీస్ కంపెనీలు ఎలాగూ ఈఈఈ, ఈసీఈ వాళ్లని కూడా తీసుకుంటాయి. నీకు కోడింగ్ అంటే ఇష్టం లేకపోతే బలవంతంగా రాకమ్మా.

ఈఈఈ_పాఠం · మార్చి 28

ఈఈఈ పాఠాలు చెప్పడం నా వృత్తి. ఏం చదవాలి అన్న ప్రశ్నకి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మా దగ్గరికి ఫస్టియర్‌లో వచ్చే పిల్లలు చాలామంది ఒకే చోట తడబడతారు.

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో కరెంట్ ఎలక్ట్రిసిటీ, మూవింగ్ చార్జెస్, ఎలక్ట్రోమాగ్నెటిక్ ఇండక్షన్, ఆల్టర్నేటింగ్ కరెంట్ అని నాలుగు చాప్టర్లున్నాయి. బీటెక్‌లో సర్క్యూట్స్, మెషీన్స్ సబ్జెక్టులు నిలబడేది వాటి మీదే. మ్యాథ్స్‌లో 1ఏ మాత్రికలు, 2ఏ సంకీర్ణ సంఖ్యలు, డి మూవర్ సిద్ధాంతం, 2బీ సమాకలనం, అవకలన సమీకరణాలు. ఇవన్నీ ఈఏపీసెట్ సిలబస్‌లో ఉన్నవే కాబట్టి రెండు పనులూ కలిసే జరుగుతాయి.

తడబడేది ఎక్కడో ఒక లెక్కతో చూపిస్తాను. 200 వోల్టుల ఏసీ సప్లైకి రెసిస్టరు, కాయిల్, కెపాసిటరు సిరీస్‌లో కలిపారు. రెసిస్టెన్స్ 30 ఓమ్‌లు, కాయిల్ రియాక్టెన్స్ (ఏసీకి చూపే అడ్డు) 80, కెపాసిటర్‌ది 40. సూత్రం అందరికీ కంఠస్థమే: 80లోంచి 40 పోతే 40, ఇంపీడెన్స్ (మొత్తం అడ్డు) √(30² + 40²) = 50 ఓమ్‌లు, కరెంటు 200/50 = 4 ఆంపియర్లు. ఆన్సర్ టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు.

అక్కడ ఆగి ఇంకొక్క అడుగు వెయ్యి. ఒక్కోదాని మీద వోల్టేజ్ ఎంత? రెసిస్టర్ మీద 4 × 30 = 120. కాయిల్ మీద 4 × 80 = 320. కెపాసిటర్ మీద 4 × 40 = 160. ఇచ్చింది 200 వోల్టులే, కాయిల్ మీద 320 ఎక్కడి నుంచి వచ్చింది? మూడూ కూడితే 600, మరి సప్లై 200 ఏంటి? ఈ ప్రశ్న తనంతట తను అడిగే విద్యార్థికి మా బ్రాంచ్ నచ్చుతుంది. ఈ మూడు వోల్టేజీలూ ఒకే క్షణాన గరిష్ఠానికి చేరవు. కాయిల్ మీద వోల్టేజ్ కరెంటు కంటే 90 డిగ్రీలు ముందుంటుంది, కెపాసిటర్ మీద 90 డిగ్రీలు వెనక. ఆ రెండూ ఎదురెదురు కాబట్టి 320లోంచి 160 పోయి 160 మిగులుతుంది. దానికి లంబంగా 120. 160² + 120² వర్గమూలం సరిగ్గా 200.

ఇప్పుడు ఇదే ఇంపీడెన్స్‌ని 30 + జె40 అని రాయి (2ఏలో iకి బదులు మేం జె వాడతాం). 2ఏలో మాపం, ఆయామం అని నేర్చుకున్నది ఇదే. మాపం 50, ఆయామం దాదాపు 53 డిగ్రీలు, దాని కొసైన్ 0.6, పవర్ ఫ్యాక్టర్ అంటే ఇదే. పవర్ = 200 × 4 × 0.6 = 480 వాట్లు. సరిచూసుకోవాలంటే 4² × 30, అదీ 480. సంకీర్ణ సంఖ్యలు ఎందుకు చదివామో బీటెక్ సెకండ్ సెమిస్టర్ దాకా చాలామందికి తెలియదు, నీకు ఈ వారమే తెలిస్తే చాలా మేలు.

మంజీర_తీరం · మార్చి 28

సార్, మీరు చెప్పిన లెక్క చేసి చూశాను. కెపాసిటర్ రియాక్టెన్స్ 80 పెడితే కాయిల్‌ది, దానిది సమానమై పోతాయి, ఇంపీడెన్స్ 30 మాత్రమే మిగిలి కరెంటు 6.67 ఆంపియర్లు వచ్చింది. అంటే కాయిల్ మీద 533 వోల్టులు! రెజొనెన్స్ అని పుస్తకంలో ఉన్నది ఇదేనని ఇప్పుడు అర్థమైంది.

ఇంకో డౌటు. మా ఊళ్లో బోరు మోటార్లు తరచూ కాలిపోతాయి. నాన్నని అడిగితే "ఒక ఫేజు పోయి ఉంటది" అంటారు. కరెంటు తగ్గితే మోటారు ఆగిపోవాలి కదా, కాలడం ఎందుకు?

సబ్‌స్టేషన్_ఏఈ · మార్చి 29

మంచి ప్రశ్న. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు ఫుల్ లోడ్ మీద ఒక్కో ఫేజుకి ఏడు, ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. తిరుగుతుండగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయిందనుకో, మోటారు ఆగదు. నీళ్ల బరువు అదే, చేయాల్సిన పని అదే, కాబట్టి మిగిలిన రెండు వైర్లలోంచే లాక్కుంటుంది. ఆ రెండింట్లో కరెంటు దాదాపు 1.7 రెట్లు అవుతుంది. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే మూడు రెట్లు. ఇన్సులేషన్ ఎంతసేపు ఆగుతుంది? ఆగి ఉన్న మోటారుకి రెండు ఫేజులే ఇస్తే అసలు తిరగకుండా గుయ్‌మని మూలుగుతూ ఇంకా తొందరగా కాలుతుంది.

స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉండేది అందుకే. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని చాలాచోట్ల దాన్ని తీసేసి డైరెక్ట్ చేస్తారు. దానికి తోడు ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి స్టార్ట్ అయితే ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సప్లై మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పింది ఇందుకే.

మోటారు పక్కన కెపాసిటర్ పెట్టుకోమని రైతులకి చెప్తుంటాం కదా, అది పైన లెక్చరర్ గారు చెప్పిన 0.6 (పవర్ ఫ్యాక్టర్) సంగతే. మోటారు తీసుకునే, వోల్టేజ్ కంటే వెనకపడే (లాగింగ్) కరెంటులో కొంత కెపాసిటర్ అక్కడికక్కడే ఇచ్చేస్తుంది. లైను మీద కరెంటు తగ్గుతుంది, చివరి పొలం దాకా వోల్టేజ్ కాస్త నిలబడుతుంది. ఇక్కడ కెపాసిటర్ ప్యారలల్‌గా కలుపుతారని గుర్తుంచుకో, సిరీస్ లెక్క దీనికి పెట్టకు.

ఓయూ_సీనియర్ · మార్చి 30

ఎగ్జామ్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. టీజీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. తెలంగాణలో ఇప్పుడు ఇంటర్ మార్కుల వెయిటేజీ లేదు, ర్యాంకు మొత్తం ఈ పరీక్షదే.

మార్కుల్లో సగం మ్యాథ్స్ కాబట్టి అందరూ దాంతోనే మొదలుపెట్టి రెండు గంటలు అక్కడే కూర్చుంటారు. చివర్లో కెమిస్ట్రీ ప్రశ్నలు చదవడానికి కూడా టైం ఉండదు. నా సలహా: కెమిస్ట్రీ ముందు, అరగంటలో. తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేదు, అక్కడ ఆలోచించి లాభం లేదు. తర్వాత ఫిజిక్స్ నలభై, నలభై ఐదు నిమిషాలు. మిగిలిన గంటన్నర పైచిలుకు మ్యాథ్స్‌కి. చివరి ఐదు నిమిషాలు వదిలేసినవన్నీ టిక్ పెట్టడానికి ఉంచుకో. పాత పేపర్లు కంప్యూటర్ మీద, గడియారం పెట్టుకుని, పరీక్ష జరిగే సెషన్ టైంకే రాయి. కాగితం మీద రాసే అలవాటు, స్క్రీన్ మీద చదివే అలవాటు ఒకటి కావు.

జేఈఈ సంగతి: 86 పర్సంటైల్ నుంచి ఎన్ఐటీలో ఈఈఈ దాకా చాలా దూరం. ఫీజు కట్టావు కాబట్టి వెళ్లి రాయి, దానికోసం విడిగా ప్రిపేర్ కావొద్దు. ఒకవేళ స్కోరు పెరిగితే జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు ఇచ్చే) కౌన్సెలింగ్‌లో రిజిస్టర్ చేసుకో. ఎన్ఐటీల్లో సగం సీట్లు హోం స్టేట్ వాళ్లకి, ఏ రాష్ట్రంలో ఇంటర్ పాసయ్యావో అదే నీ హోం స్టేట్. 2018 నుంచి అమ్మాయిలకి అదనపు సీట్లు కూడా ఇస్తున్నారు.

వైజాగ్_వోల్ట్ · మార్చి 30

ఆంధ్రా పిల్లలు కూడా ఇది చదువుతారు కాబట్టి: ఏపీ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది. ఇంటర్ పరీక్షలు అయ్యాయి కదా అని గ్రూప్ సబ్జెక్టుల మార్కులు తేలిగ్గా తీసుకోకండి, తక్కువ వస్తే బెటర్‌మెంట్ గురించి ఆలోచించండి.

ఈఈఈకి మన దగ్గర పాత గవర్నమెంట్ కాలేజీలకి విలువ ఎక్కువ. జేఎన్‌టీయూ కాకినాడ 1946లో విశాఖలో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై తర్వాత కాకినాడకి మారింది. అనంతపురం, ఎస్వీయూ, ఏయూ కూడా చూడండి. మా వైజాగ్‌లో చదివేవాళ్లకి గాజువాక హెచ్‌వీడీసీ స్టేషన్ దగ్గర్లోనే ఉంది. తూర్పు గ్రిడ్‌కీ దక్షిణ గ్రిడ్‌కీ మధ్య కరెంటుని డీసీగా మార్చి మళ్లీ ఏసీ చేసి పంపే చోటు అది. ఇండస్ట్రియల్ విజిట్‌కి పర్మిషన్ దొరికితే వదులుకోకండి.

అమీర్‌పేట_అమ్మ · ఏప్రిల్ 2

మా అమ్మాయి కూడా ఈఈఈ అంటోంది. తను బాగా చదువుతుంది, దాని మీద నాకు అనుమానం లేదు. రాత్రిపూట ఫీల్డు, స్తంభాలు, సబ్‌స్టేషన్లు అంటేనే భయంగా ఉంది. ఆడపిల్లలు ఈ బ్రాంచ్‌లో నిజంగా ఉన్నారా? ఉద్యోగంలో ఎలా ఉంటుంది?

ఈఈఈ_పాఠం · ఏప్రిల్ 2

అమ్మా, మీ భయం సహజమే. మా క్లాసుల్లో ఆడపిల్లలు మంచి సంఖ్యలో ఉన్నారు, ల్యాబ్‌లో కనెక్షన్లు జాగ్రత్తగా ఇచ్చేది కూడా వాళ్లే అని నా అనుభవం.

ఒక సంగతి మీ అమ్మాయికి చెప్పండి. మన దేశపు తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత గారు తెలుగావిడ, చదివింది ఎలక్ట్రికలే. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, చేతిలో పసిబిడ్డ. అలాంటి పరిస్థితిలో 1940లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్ చేశారు, భాక్రా నంగల్ పనిలో కూడా ఆమె పాత్ర ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకి వెళ్లారు. అక్కడ ఆవిడ చేసింది ఎక్కువగా డిజైన్ పని, స్తంభం ఎక్కే పని కాదు. ఈఈఈలో అలాంటి ఉద్యోగాలు చాలా ఉన్నాయి: ప్రొటెక్షన్, డిజైన్, టెస్టింగ్, లోడ్ డిస్పాచ్ సెంటర్లు (గ్రిడ్‌లో కరెంటు పంపకం చూసే చోట్లు), చిప్ డిజైన్.

సబ్‌స్టేషన్_ఏఈ · ఏప్రిల్ 2

స్తంభం ఎక్కే పని కూడా ఆడవాళ్లు చేస్తున్నారమ్మా. సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష 2022లో మన దగ్గర లైన్‌వుమన్‌గా చేరింది, ఆ వార్త మీరు కూడా చూసే ఉంటారు. రాత్రి బ్రేక్‌డౌన్‌కి ఏఈ ఒక్కరే వెళ్లరు, సిబ్బంది ఉంటారు. మా డివిజన్‌లో మహిళా ఏఈలున్నారు. ఇబ్బందులు లేవని అనను, ఫీల్డులో టాయిలెట్ దగ్గర్నుంచి సమస్యే. ఆ ఇబ్బంది తీర్చాల్సింది ఆఫీసులు, దానికోసం అమ్మాయి చదువు మార్చుకోనక్కర్లేదు.

పాలిటెక్నిక్_బ్యాచ్ · ఏప్రిల్ 5

ఇంకో దారి కూడా ఉందని చెప్పడానికి వచ్చాను. నేను టెన్త్ తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమా ఈఈఈ చేశాను, ఈసెట్‌తో నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరాను. ఈసెట్‌లో 200 ప్రశ్నలుంటాయి: మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మన బ్రాంచ్ సబ్జెక్టువి 100. సగం మార్కులు ఎలక్ట్రికల్‌వే కాబట్టి డిప్లొమాలో శ్రద్ధగా చదివినవాళ్లకి మంచి ర్యాంకు వస్తుంది.

ల్యాబ్‌లో మాకు బెరుకు ఉండదు. స్టార్టర్ విప్పి బిగించడం, ప్యానల్ వైరింగ్ అన్నీ చేసే వస్తాం. కష్టమంతా మ్యాథ్స్‌తో. ఫస్టియర్ మ్యాథ్స్ పేపర్లు ఎం1, ఎం2 మేం చదవం, సెకండియర్‌లో సిగ్నల్స్ మొదలుపెట్టగానే ఇంటిగ్రేషన్ మీద ఇంటిగ్రేషన్. ఇంటర్ నుంచి వచ్చినవాళ్లతో కలిసి కూర్చుని చదివితే ఇద్దరికీ లాభం. మాకు వాళ్లు లెక్కలు చెప్పేవారు, వాళ్లకి మేం మీటర్ రేంజి ఎలా పెట్టాలో చూపించేవాళ్లం. టెన్త్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు ఇది కూడా ఆలోచించండి.

మంజీర_తీరం · జూన్ 24

అందరికీ చాలా థాంక్స్. ఈఏపీసెట్‌లో 14 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. సీనియర్ గారు చెప్పినట్టు కెమిస్ట్రీతో మొదలుపెట్టాను, ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు. ఏసీ చాప్టర్ ప్రశ్నలు చూడగానే ఆన్సర్ వచ్చేసింది.

ఇప్పుడు టెన్షన్ అంతా వెబ్ ఆప్షన్ల (కావాల్సిన కాలేజీలు, బ్రాంచ్‌లు సైట్‌లో వరసగా పెట్టడం) గురించి. నెట్ సెంటర్ అన్న "నీ ర్యాంకుకి వచ్చేవి మాత్రమే పెట్టు, రానివి పెడితే సీటు పోతుంది" అంటున్నాడు. నిజమేనా?

ఓయూ_సీనియర్ · జూన్ 24

నిజం కాదు! నమ్మొద్దు చెల్లీ. కంప్యూటర్ ర్యాంకు వరసలో ఒక్కొక్కరి లిస్టు తీస్తుంది. నీ వంతు వచ్చినప్పుడు నీ మొదటి ఆప్షన్‌లో నీ కేటగిరీకి సీటు ఉందా అని చూస్తుంది, లేకపోతే రెండోది, తర్వాత మూడోది. రాని కాలేజీ పైన పెట్టినంత మాత్రాన కింది సీటు పోదు. నీకు నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో అది పైన, అంతే.

ప్రమాదం రెండు చోట్ల ఉంది. చేరే ఉద్దేశం లేని కాలేజీని లిస్టు పొడుగు కోసం పెట్టడం ఒకటి. అదే అలాట్ అవుతుంది. రెండోది సెకండ్ ఫేజ్‌లో. అప్పటికే చేతిలో ఒక సీటు ఉంటే, దానికంటే మంచివనుకున్నవే మళ్లీ పెట్టాలి. కొత్త సీటు వచ్చిన మరుక్షణం పాతది ఆటోమేటిక్‌గా పోతుంది, వెనక్కి అడిగినా ఇవ్వరు.

కౌన్సెలింగ్ సైట్‌లో పోయినేడు లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటుంది. అందులో నీ కేటగిరీలో అమ్మాయిల కాలమ్ చూడు, అబ్బాయిలది చూసి భయపడొద్దు. ముందు ఒక నోట్‌బుక్‌లో కాలేజీ కోడ్, బ్రాంచ్ కోడ్‌తో వరస రాసుకో, నాన్నతో కూర్చుని ఖాయం చేసుకో, ఆ తర్వాతే సైట్‌లోకి ఎక్కించు. నెట్ సెంటర్‌కి వెళ్లినా పాస్‌వర్డ్ నీ చేతిలోనే ఉండాలి, ఫ్రీజ్ (లిస్టు ఖాయం చేసే బటన్) నువ్వే నొక్కాలి. ఫ్రీజ్ చేశాక ప్రింటు తీసుకుని వరస మళ్లీ చదువు.

సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. వేర్వేరు బళ్లలో చదివితే ఇప్పుడే వెళ్లి తెచ్చుకో, సెలవుల్లో హెడ్‌మాస్టర్ దొరకడం కష్టం. సీటు అలాట్ అయ్యాక చెప్పిన తేదీలోపు ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది, ఇది మర్చిపోయి ఏడ్చినవాళ్లని చూశాను.

కోకాపేట_కోడ్ · జూన్ 25

ఫీజు విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయ పరిమితి ఉంది. రెగ్యులర్ లైన్‌మన్ జీతం ఆ పరిమితి దాటుతుంది కాబట్టి మొత్తం ఫీజు మీరే కట్టాల్సి రావచ్చు. కన్వీనర్ కోటాలోనే (కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలోనే) ఏడాదికి లక్ష దాటే ప్రైవేటు కాలేజీలు చాలా ఉన్నాయి, దాని మీద హాస్టలు, బస్సు. యూనివర్సిటీ కాలేజీ వస్తే ఆ భారం తగ్గుతుంది. నాలుగేళ్లకి కలిపి లెక్క వేసి, ఆ అంకె చూసుకుని లిస్టు వరస పెట్టండి.

ఈఈఈ_పాఠం · జూన్ 25

డిపార్ట్‌మెంట్ ఎలా తెలుసుకోవాలి అని మార్చిలో అడిగావు, దానికి ఇప్పుడు జవాబిస్తాను.

బ్రోచర్ మీద న్యాక్ గ్రేడ్ పెద్దగా వేస్తారు. అది కాలేజీ మొత్తానికి. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచ్ వారీగా ఇస్తారు. ఈఈఈకి ఎన్‌బీఏ ఉందా, ఏ ఏడాది దాకా ఉంది అని అడుగు. సీఎస్ఈకి ఉన్నదాన్ని చూపిస్తే సరిపోదు.

తర్వాత ఒకరోజు కాలేజీకి వెళ్లి మెషీన్స్ ల్యాబ్ చూస్తామని అడుగు. చూపించడానికి ఇష్టపడకపోతే అదే జవాబు. లోపలికెళ్తే టేబుళ్ల మీద చూడాల్సినవి: మీటర్లకి గాజు పలకలు, ముళ్లు ఉన్నాయా, కనెక్టింగ్ వైర్ల చివర్లు నలిగి ఉన్నాయా లేక కొత్తగా మెరుస్తున్నాయా. వాడే ల్యాబ్‌లో వైరు నలుగుతుంది. డీసీ మోటారు బ్రేక్ డ్రమ్ మీద బెల్టు రాసుకున్న గుర్తులుండాలి, తుప్పు ఉండకూడదు. అక్కడ సెకండియర్ పిల్లలు కనిపిస్తే ఒకటే అడుగు: "కనెక్షన్లు మీరిస్తారా, ల్యాబ్ అసిస్టెంట్ ఇస్తాడా?" ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది అని కూడా అడుగు. పదిమంది ఒక టేబుల్ చుట్టూ నిలబడితే ముగ్గురు చేస్తారు, మిగతావాళ్లు రీడింగ్‌లు కాపీ కొడతారు.

చాలా ప్రైవేటు కాలేజీలు ఈఈఈ సీట్లు తగ్గించి సీఎస్ఈ పెంచుకున్నాయి. ఈఈఈ సీనియర్ లెక్చరర్లు ఇంకా ఉన్నారా, వెళ్లిపోయారా తెలుసుకో. ఇదంతా చూస్తే నీ ర్యాంకు దగ్గర జేఎన్‌టీయూ వాళ్ల జిల్లా కాలేజీలు కూడా లిస్టులో పైకి రావాలని నా అభిప్రాయం. కూకట్‌పల్లి, ఓయూ మొదట పెట్టు, రాకపోయినా నష్టం లేదు. వాటి కింద జగిత్యాల పెట్టు. ఊరికి దూరమని మాత్రం కొట్టేయకు.

మంజీర_తీరం · ఆగస్టు 3

ఫస్ట్ ఫేజ్‌లో హైదరాబాద్ శివార్లలో ప్రైవేటు కాలేజీలో ఈఈఈ వచ్చింది. నాన్నా నేనూ వెళ్లి చూశాం. ల్యాబ్ తాళం తీయడానికే చాలాసేపు పట్టింది, మోటార్ల మీద దుమ్ము. నాన్న ఏమీ అనలేదు, బయటికొచ్చాక "ఇంకొకటి చూద్దాం బిడ్డా" అన్నారు. సెకండ్ ఫేజ్‌లో దానికి పైన ఉన్నవి మాత్రమే పెట్టాను. జేఎన్‌టీయూ జగిత్యాలలో ఈఈఈ వచ్చింది! ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ కూడా చేశాను.

బాబాయి ఇప్పుడు "ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటది, అందులో సీఎస్ఈకి మారిపో" అంటున్నారు. అలా కుదురుతుందా? మారాలని నాకు లేదు, తెలుసుకుందామని.

ఓయూ_సీనియర్ · ఆగస్టు 3

కంగ్రాట్స్ చెల్లీ!! చాలా సంతోషంగా ఉంది. స్లైడింగ్ అంటే అదే కాలేజీలో ఖాళీ ఉన్న వేరే బ్రాంచ్‌కి మారడం. అప్లై చేసి ఆప్షన్ పెట్టినవాళ్లనే మారుస్తారు, నువ్వు పెట్టకపోతే నీ సీటు నీకే ఉంటుంది. కంగారు లేదు.

సబ్‌స్టేషన్_ఏఈ · ఆగస్టు 3

శుభాకాంక్షలు చెల్లీ. ఒక మంచి డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కో, కానీ ఇంట్లో మెయిన్స్ మీద ఒంటరిగా ప్రయోగాలు చేయొద్దు. మొదట బ్యాటరీ, బల్బు, రెసిస్టర్లతో కొలవడం నేర్చుకో. కరెంటు రేంజిలో పెట్టి వోల్టేజ్ కొలిస్తే మీటరు, దాంతోపాటు చెయ్యి కూడా కాలతాయి. మీ నాన్నగారు ఎల్‌సీ తీసుకున్నాక కూడా ఏబీ స్విచ్ (స్తంభం మీద లైను విడదీసే స్విచ్) ఓపెన్ అయిందని కళ్లతో చూసి, ఎర్త్ రాడ్ వేసి గానీ లైను ముట్టుకోరు. ఎందుకో ఆయన్నే అడిగి తెలుసుకో.

మంజీర_తీరం · ఆగస్టు 4

అడిగాను అన్నా. పక్క ఫీడర్ నుంచి గానీ, ఎవరింట్లోనో జనరేటర్ నుంచి గానీ బ్యాక్ సప్లై రావచ్చని చెప్పారు. సార్, క్లాసులు మొదలయ్యేదాకా ఏం చదవమంటారు?

ఈఈఈ_పాఠం · ఆగస్టు 4

సరైన జవాబే చెప్పారు. క్లాసుల దాకా కొత్త పుస్తకాలు కొనొద్దు. కిర్కాఫ్ నియమాలతో రెండు లూపుల లెక్కలు ఇంటర్ పుస్తకంలోవే మళ్లీ చెయ్యి, ఈసారి ప్రతి లెక్కనీ మాత్రికల పద్ధతిలో సాధించు. మూడు లూపులకి క్రామర్ నియమం వాడు. అది వస్తే సర్క్యూట్స్ మొదటి యూనిట్ తేలిగ్గా అయిపోతుంది. సి లాంగ్వేజ్ ఫస్టియర్‌లోనే ఉంటుంది, దాన్ని సీఎస్ఈ వాళ్ల సబ్జెక్టు అనుకోకుండా శ్రద్ధగా నేర్చుకో, థర్డ్ ఇయర్‌లో మైక్రోకంట్రోలర్లకి అదే కావాలి. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కి డ్రాఫ్టర్ సీనియర్ల దగ్గర తీసుకో, కొత్తది కొంటే ఏడాది తర్వాత అటకెక్కుతుంది.